మైకులో రొద

“హలో, మైక్ టెస్టింగ్, ఒన్, టూ, త్రీ” అన్న తర్వాత వచ్చే ఆ ‘గుంయ్’ మనలో ఎవరికీ కొత్త కాదు. పెళ్ళిపందిళ్ళలోనూ, శ్రీరామనవమి పందిళ్ళలోనూ, క్రిస్మస్ కూటాల్లోనూ, ఎలక్షన్ మీటింగుల్లోనూ దాన్ని వింటూనే పెరిగాం. అంచేత ఇక్కడ ఇంగ్లండులో, మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునే చర్చిలో అదే చప్పుడు వినిపిస్తే మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన సమితివారు ఉగాది కవి సమ్మేళనం జరుపుకున్నదీ ఆ హాల్లోనే కనక, ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఆ రొద విన్నవాళ్ళే. కవులు గట్టివాళ్ళు, నెగ్గుకొచ్చారు.

ప్రార్థనలో అలా కుదరదు. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కీర్తన ఏదైనా నిదానంగా ఎత్తుకున్నప్పుడు చరణానికీ చరణానికీ మధ్య ఒక నిశ్శబ్దం ఉంటుంది. సరిగ్గా అక్కడ ఆ గుంయ్ దూరేది. ఇక్కడి కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాని రొద 50 దగ్గరా, రెట్టింపు 100 దగ్గరా, ఆపైన మెట్లలోనూ పలుకుతుంది. మా హార్మోనియం మాస్టారు ఒకనాడు మెట్లు నొక్కి చూసి, ఐదు శ్రుతికి రవ్వంత పైన ఉందని తేల్చారు. నాలుగు శ్రుతిలో ఎత్తుకున్న కీర్తనకి ఇదేం తంబురా అని ఆయన బాధ. మన దేశంలోనూ కరెంటు 50 సార్లే కనక గుంటూరు రొదకీ ఇక్కడి రొదకీ శ్రుతి ఒకటే. అమెరికాలో 60 కనక అక్కడి తెలుగువాళ్ళ మైకు ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఎక్కడో పలుకుతుంది. మాస్టారికి ఈ సంగతి చెబితే, అయితే అక్కడివాళ్ళ అవస్థ మనకన్నా అన్యాయం అన్నారు.

ఈ రొద పోగొట్టే పని మా ముగ్గురి నెత్తిన పడింది. సలహాలకి లోటు లేదు. స్పీకర్లు మార్చమన్నారొకరు. మిక్సరు పాతదైపోయింది, కొత్తది కొనండి, అందరం తలా కాస్తా వేసుకుందాం అన్నారింకొకరు. ఊళ్ళో మైకు సెట్టు వ్యాపారం చేసిన ఒక పెద్దాయన మాత్రం చాలా తేలిక మందు చెప్పారు: “ప్లగ్గులో ఎర్తు తీగ పీకెయ్యండి నాయనా, నోరు మూసుకుంటుంది.” ఈ సలహా గురించి చెప్పటానికే ఇదంతా రాస్తున్నాం.

చర్చివాళ్ళు శనివారం సాయంత్రం తాళాలిచ్చారు. విక్టోరియా రాణి కాలం నాటి ఇటుక కట్టడం. మిక్సరూ యాంప్లిఫైయర్లూ వెనకాల, గ్యాలరీ కింద ఒక బీరువాలో ఉంటాయి. వేదిక ముందుంటుంది. మధ్యలో ముప్ఫై మీటర్ల లావుపాటి కేబులు. రొద ఎక్కడ పుడుతోందో వెతకటానికి ఒకటే పద్ధతి. ఉన్న దారిని సగానికి తెంచి, చప్పుడు ఏ సగంలో ఉందో చూడాలి. మళ్ళీ ఆ సగాన్ని సగం చెయ్యాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది కాగితం మీద రాసుకోవాలి. ఇద్దరు రెండు చోట్ల రెండు తీగలు పీకితే ఇహ రాత్రంతా అక్కడే.

ముందు యాంప్లిఫైయరుకి వచ్చే తీగలు తీసేసి స్పీకరు దగ్గర చెవి పెట్టాం. నిశ్శబ్దం. అంటే స్పీకర్లూ, యాంప్లిఫైయరూ నిర్దోషులు. తర్వాత మిక్సరు కలిపి అన్ని మీటలూ కిందికి దింపాం. అప్పుడూ ఏమీ లేదు. కొత్త స్పీకర్లకీ, కొత్త మిక్సరుకీ చందాలు వెయ్యక్కర్లేదని అరగంటలో తేలిపోయింది. ఒక్కొక్క మీటా పైకి లేపుతూ వస్తే అసలు సంగతి తెలిసింది. రొద ఒకటి కాదు, మూడు నాలుగు కలిసిన గుంపు.

పాటల మాటలు తెర మీద చూపించే లాప్‌టాప్ నుంచి సన్నగా, ఈగ రొదలాంటిది వస్తోంది. దాని చార్జరు పీకగానే పోయింది. బ్యాటరీ మీద నడిపితే ఏ బాధా లేదు. అయ్యగారి కాలరు మైకు అప్పుడప్పుడూ చిటపటలాడటం వేరే జబ్బు. అది తీగ లేని మైకు. ఇటువంటి మైకులు వాడుకునే 700 మెగాహెర్ట్‌జ్ తరంగాలని ఈ దేశంలో 2020 మే 1 నుంచి సెల్‌ఫోన్లకి అప్పజెప్పారు. పాత మైకు ఇంకా ఆ తరంగాల మీదే ఉంటే దాన్ని వాడటం చట్టరీత్యా తప్పు కూడాను. మాది అదే. దాన్ని పక్కన పెట్టి తీగ మైకు ఇచ్చాం. అయ్యగారికి అటూ ఇటూ నడిచే అలవాటు. పాపం, రెండు వారాలు కాళ్ళకి అడ్డం పడింది.

ఇహ వేదిక మీది గిటారు యాంప్లిఫైయరు. అది చిన్న పెట్టె. వెనకనుంచి ఒక తీగ మిక్సరుకి వెళుతుంది. దాన్ని తీసి చూద్దామని ఆ తీగ పీకాం. అప్పుడు మాతో వచ్చిన కుర్రాడు గిటారు మెళ్ళో వేసుకుని మైకు ముందు నుంచుని ఉన్నాడు. పెదవి మైకుకి తగలగానే “అబ్బ!” అని వెనక్కి గెంతాడు. ఏమయిందంటే, “జివ్వుమంది అంకుల్. ప్రాక్టీసులో ఎప్పుడూ అంతే, చెప్పాను కదా” అన్నాడు. నిజమే, వాడు చాలాసార్లు చెప్పాడట. పెద్దవాళ్ళు నవ్వి ఊరుకున్నారట.

మీటరు తెచ్చి ఒక మొన గిటారు తీగకీ, ఇంకో మొన మైకు జాలీకీ ఆనించి చూశాం. వంద వోల్టుల పైన చూపించింది. కంగారు పడకండి. పెట్టెలో ఉండే చిన్న చిన్న కెపాసిటర్ల గుండా కారే కరెంటు అది. వోల్టులు ఎక్కువే అయినా కరెంటు బహు స్వల్పం, అందుకే జివ్వుమని వదిలేసింది. కాని ఆ కారే కరెంటు నేలలోకి పోవలసింది, గిటారు తీగల మీదికి ఎందుకొచ్చింది? ప్లగ్గు విప్పి చూశాం. లోపల మూడు తీగలుండాలి. గోధుమరంగు తీగ బిగించి ఉంది. నీలం తీగ బిగించి ఉంది. పచ్చ, పసుపు చారల తీగని మొదలంటా కత్తిరించి, వెనక్కి మడిచి, చక్కగా టేపు చుట్టారు. పెద్దాయన చెప్పిన మందు మాకన్నా ముందే ఎవరో వేశారన్నమాట. ఎప్పుడు, ఎవరు అన్నది తెలియదు. ఆ పెట్టె ఎన్ని చేతులు మారి మాకు వచ్చిందో.

మనవైపు మూడో పిన్ను అంటే ఒక అలంకారం. రెండు తీగల మొనలు ఒలిచి సాకెట్టులోకి దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చిన రోజులు మనలో ఎందరికి గుర్తు లేవు? ఎండాకాలం రాగానే ఎర్తు గుంటలో నీళ్ళు పొయ్యమని నాన్నగారు చెబితే, ఉప్పూ బొగ్గూ వేసిన గుంటకి నీళ్ళెందుకో అనుకుంటూ పోసేవాళ్ళం. గుంట ఎండిపోతే ఎర్తు ఎండినట్టే. ఆ గుంటకీ ఈ పచ్చ తీగకీ పని ఒకటే. పెట్టె లోపల ఎక్కడైనా కరెంటు తీగ ఊడి ఇనప రేకుకి తగిలిందనుకోండి. ఎర్తు తీగ ఉంటే కరెంటు ఒక్కసారిగా దాని గుండా నేలలోకి దూకుతుంది. ఆ ఉధృతికి ప్లగ్గులోని ఫ్యూజు కాలిపోతుంది, పెట్టె చచ్చిపోతుంది, మనిషి బతుకుతాడు. ఎర్తు తీగ లేకపోతే ఫ్యూజు కాలదు. రేకూ, దానికి తగిలించిన గిటారు తీగలూ 230 వోల్టులతో కాచుకుని కూర్చుంటాయి. ఒక చేత్తో గిటారూ, పెదవి దగ్గర ఎర్తు ఉన్న మైకూ ఉన్నవాడు వచ్చేదాకా.

ఇది భయపెట్టటానికి చెప్పే మాట కాదు. స్టోన్ ది క్రోస్ అనే స్కాట్లండు బృందంలో గిటారు వాయించే లెస్ హార్వీ 1972 మే 3న వేల్సులోని స్వాన్సీలో, వేదిక మీద, కచేరీ మొదలుపెట్టబోతూ, ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. 2005 అక్టోబరు 30న అమెరికాలో, టెక్సాస్ వేకో నగరంలో, ఒక బాప్టిస్టు చర్చి పాస్టరు బాప్తిస్మం ఇవ్వటానికి నీళ్ళలో నుంచుని మైకు అందుకున్నాడు. విద్యుద్ఘాతం తగిలి చనిపోయాడు. వయసు ముప్ఫై మూడేళ్ళు.

మేము వాడుకునే చర్చీ బాప్టిస్టు చర్చే. వేదిక చెక్కలు లేపితే కింద నీళ్ళతొట్టి ఉంటుంది. ఈస్టరుకి నలుగురు బాప్తిస్మం పుచ్చుకోవలసి ఉంది. గిటారు పెట్టె రోజూ ఉండేది ఆ తొట్టికి మూడడుగుల దూరంలో.

ఆ రాత్రే పచ్చ తీగని మళ్ళీ బిగించాం. జివ్వుమనటం పోయింది. కాని పెట్టె తీగ మిక్సరుకి కలపగానే రొద ఇంతకు ముందుకన్నా రెండింతలు లేచింది.

ఎందుకంటే, వేదిక మీది సాకెట్టూ, వెనక బీరువాలోని సాకెట్టూ వేరు వేరు దారుల్లో ఎర్తుకి వెళతాయి. ఆ రెండు ఎర్తుల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఎప్పుడూ ఉంటుంది, వోల్టులో నూరో వంతో పదో వంతో. పెట్టెకీ మిక్సరుకీ మధ్య తీగ కట్టగానే రెండు ఎర్తులూ దాని మీది జాలీతొడుగు గుండా కలిసి ఒక ఉచ్చు అవుతాయి. ఆ తేడా కొద్దీ తొడుగులో 50 సార్లు ఊగే కరెంటు పారుతుంది. పాట మోసేది కూడా ఆ తొడుగే కనక పాటతో బాటు అదీ స్పీకరెక్కుతుంది. ప్లగ్గులో ఎర్తు కోస్తే ఉచ్చు తెగుతుంది, చప్పుడు ఆగుతుంది. అంతవరకూ పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన పందిళ్ళలో ముప్ఫై ఏళ్ళు అలాగే నడిపారు, ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవటమే ఇందులో అసలు చిక్కు.

మర్నాడు ఆరాధనలో ఆ రెండింతల రొద అందరూ విన్నారు. కీర్తన మధ్యలో వెనక్కి తిరిగి మమ్మల్ని చూసినవాళ్ళే ఎక్కువ. కూటం అయ్యాక టీ దగ్గర సంఘ పెద్దల్లో ఒకరు, “బాగుచేస్తారని తాళాలిప్పిస్తే ఉన్నది చెడగొట్టారేమిటండీ? ఈస్టరుకి ఇంగ్లీషువాళ్ళు కూడా వస్తారు, పరువు పోతుంది. ఆ తీగేదో మళ్ళీ తీసెయ్యండి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు” అన్నారు. మేము తియ్యమన్నాం. మాట కొంచెం పెరిగింది. మీరు ఇంజనీర్లా అని అడిగినవారూ ఉన్నారు. అయ్యగారు టీకప్పు పట్టుకుని అంతా విని, కుర్రాణ్ణి పిలిచి, “జివ్వుమనటం ఎన్నాళ్ళ నుంచిరా?” అని అడిగారు. “దసరా సెలవుల నుంచి, అయ్యగారూ” అన్నాడు వాడు. ఇక్కడ దసరా సెలవులు ఎక్కడివో గాని, వాడి లెక్క అక్టోబరు అన్నమాట. అయ్యగారు కప్పు కింద పెట్టి, “రొదతోనే పాడుకుందాం. తీగ తియ్యద్దు” అన్నారు. పెద్దలు ఇంకేమీ అనలేదు.

రొద పోయేలా, ఎర్తు ఉండేలా చెయ్యటం కష్టమేమీ కాదు. పెట్టెకీ మిక్సరుకీ మధ్య లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మరున్న డబ్బా ఒకటి పెట్టాలి. డి.ఐ. డబ్బా అంటారు. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంటుంది. అందులో పాట అయస్కాంతం ద్వారా ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి దూకుతుంది, తొడుగు మాత్రం కలవదు. ఉచ్చు తెగింది, పచ్చ తీగ ఎక్కడిదక్కడే ఉంది. ఈ డబ్బా మీద ‘గ్రౌండ్ లిఫ్ట్’ అని ఒక మీట ఉంటుంది. పేరు చూసి హడలిపోనక్కర్లేదు. అది తెంచేది పాట తీగ తొడుగునే గాని ప్లగ్గులోని ఎర్తుని కాదు. ఈ రెంటినీ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకటి నిక్షేపంగా వాడుకోవచ్చు. ఇంకోటి ఎన్నటికీ ముట్టుకోకూడదు.

డబ్బా నుంచి మిక్సరు దాకా పాత ఒంటి తీగకి బదులు జంట తీగ వేశాం. ఒకే పాటని రెండు తీగల్లో ఎదురెదురుగా పంపుతారు. దారిలో దూరిన రొద రెంటిలోనూ ఒకేలా దూరుతుంది. అవతలి కొసన ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే రొద రొదని తినేసి పాట మిగులుతుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లోనే, రెండు తీగల్ని మెలివేస్తే పక్క తీగల గోల తగ్గుతుందని పేటెంటు తీసుకున్నాడు. నూటనలభై ఏళ్ళు దాటినా అంతకన్నా చవకైన మందు రాలేదు. డబ్బాకీ తీగకీ కలిపి మాకైన ఖర్చు, ఆ ఆదివారం సంఘం భోజనానికి అయిన బియ్యం, కోడిమాంసం ఖర్చు కన్నా తక్కువే.

వేదిక సాకెట్ల సంగతి మేము ముట్టుకోలేదు. అది చర్చివాళ్ళది. జరిగింది వాళ్ళకి చెబితే ముఖాలు తెల్లబోయాయి. వారం లోపల లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించి, సాకెట్లన్నీ పరీక్ష చేయించి, కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే దానంతటదే ఆగిపోయే స్విచ్చి వేయించారు. ఆ ఖర్చు మా అద్దెలో కలపలేదు, చెప్పుకోవాలి.

మర్నాటి ఆదివారం గుంయ్ లేదు. లేదని ఎవరూ గమనించలేదు కూడా. ఈ పనిలో అదే మెప్పు. మాస్టారు మాత్రం మొదటి కీర్తన అయ్యాక వెనక్కి తిరిగి తల ఊపారు.

అంతటితో పని అయిపోయిందనుకున్నాం. ఎడమవైపు మూడో బెంచీలో కూర్చునే అమ్మమ్మగారొకరున్నారు. తెనాలి దగ్గరి వారు, కొడుకు దగ్గరుంటారు. రెండు చెవులకీ మిషన్లు. రొద పోయింది కదా అమ్మమ్మగారూ అంటే, “పోయిందా? నాకు ఉందే నాయనా. అందరికీ అలాగే వినిపిస్తుంది కాబోలనుకున్నా” అన్నారు. ఎన్నాళ్ళ నుంచి అంటే, ఈ గుళ్ళో కాలు పెట్టిన నాటి నుంచీ అట.

ఇక్కడి చర్చిల్లో చాలాచోట్ల గోడల చుట్టూ ఒక తీగ పరిచి ఉంటుంది. మైకులోంచి వచ్చే మాట అందులో కరెంటై పారుతుంది, దాని అయస్కాంత ప్రభావం చెవి మిషనులోని చిన్న చుట్టకి తగిలి నేరుగా చెవిలో పలుకుతుంది. మిషను మీద ‘టి’ అన్న చోట పెట్టుకోవాలి. చాలా మంచి ఏర్పాటు. కాని ఆ చుట్టకి అయ్యగారి మాటకీ, నేలకింది కరెంటు తీగకీ తేడా తెలియదు. పోయే తీగా, వచ్చే తీగా పక్కపక్కనే ఉంటే ఒకదాని ప్రభావాన్ని ఒకటి చంపేస్తుంది. పాత కట్టడాల్లో ఒక్కోసారి ఒకటి అటూ ఇంకోటి ఇటూ పోతాయి. వాటి మధ్య కూర్చున్నవాళ్ళకి చెవి నిండా రొదే. మామూలు చెవులున్నవాళ్ళకి చస్తే తెలియదు.

దీన్ని వినటానికి చిన్న యంత్రం ఉంటుంది, చర్చివాళ్ళ దగ్గర ఒకటి దొరికింది. ఇయర్‌ఫోను పెట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగాం. మూడో బెంచీ ఎడమ కొసన, నేలకింద కొండచిలువేదో గుర్రు పెడుతున్నట్టుంది. కుడివైపుకి నాలుగడుగులు వేస్తే సగం తగ్గింది. మధ్య నడవా దాటితే లేదు. ఇంకో సంగతీ బయటపడింది. వేదిక దీపాల్ని మందంగా వెలిగించే మీట తిప్పినప్పుడల్లా జుయ్‌మని లేస్తోంది. ఆ మీట కరెంటుని సెకనుకి 100 సార్లు ముక్కలు చేసి దీపానికి పంపుతుంది. కోసిన ప్రతిచోటా కీచుమంటుంది. దీపాలు నిండుగా వేస్తే గాని, పూర్తిగా ఆర్పితే గాని ఏ గొడవా లేదు. ఇప్పుడు మీట పక్కన తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక చీటీ అంటించాం.

అమ్మమ్మగారు మాత్రం చోటు మారటానికి ఓ పట్టాన ఒప్పుకోలేదు. వచ్చిన మొదటి రోజు నుంచీ అక్కడే కూర్చున్నారట, పక్కన కూర్చునే నెల్లూరు ఆవిడ ఏమనుకుంటుందోనట. చివరికి నెల్లూరు ఆవిడే లేచి, “పదండి వదినా, ఇద్దరం అటుపోదాం” అని చెయ్యి పట్టుకుని తీసికెళ్ళింది. ప్రసంగం అయ్యాక అమ్మమ్మగారు మా దగ్గరికొచ్చి, అయ్యగారికి జలుబు చేసిందా, గొంతు బొంగురుగా ఉందేమిటని అడిగారు. ఆయనకి జలుబు లేదు. ఆయన గొంతే అంత.

ఈస్టరు నాడు నలుగురికీ బాప్తిస్మం అయింది. తొట్టి దగ్గర మైకు పెట్టలేదు, గిటారు పెట్టెని గోడ వారకి జరిపాం. అయ్యగారు నీళ్ళలో నుంచుని ఉత్త గొంతుతోనే చెప్పారు. ఆ మాటల్ని గట్టున, చెయ్యి చాచినా నీళ్ళకి అందనంత దూరంలో నుంచున్న పెద్ద ఒకరు మైకులో మళ్ళీ చదివారు.

ఇంకా ఒకటి మిగిలే ఉంది. హీటింగు ఆగినప్పుడల్లా స్పీకర్లో ‘టక్’ మంటుంది. అది బాయిలరు పంపు స్విచ్చి దగ్గర పుడుతోందని మా అనుమానం. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి తాళాలు తీసుకుంటున్నాం. సాయం రాదలచినవారు టార్చిలైటు తెచ్చుకోండి, చలికోటు కూడా. హీటింగు ఆపి ఆపి చూడాలి మరి.